మాడిన జొన్నలు

తవ్వకాల్లో దొరికినదాని వయసు చెప్పడానికి శిష్యులు ఎవరు వచ్చినా, కంబగిరి సారు ముందు తన కలానికి మూత పెట్టేసేవారు. బాగుందనీ అనరు, తప్పనీ అనరు. మూడు రోజులాగి రమ్మంటారు. మాకు ఒళ్లు మండేది. ముసలాయనకు కొత్త సంగతంటే గిట్టదని ఆయన వెనకాల నేనూ చాలాసార్లు అన్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆ రోజు వెళ్లింది నస్రీన్. నేను తోడుగా పక్కన కూర్చున్నాను. హంద్రి నది ఒడ్డున ఆమె తవ్వించిన గుంతలో అట్టడుగు పొరలో ఒక ఇనుప ముక్క దొరికింది. దాని పక్కనున్న బొగ్గును పరీక్షిస్తే, పుస్తకాల్లో ఉన్న కాలం కంటే ఎనిమిది వందల ఏళ్లు వెనక్కి వెళ్లింది. ఈ సీమలో మనిషి ఇనుము కరిగించడం ఎప్పుడు నేర్చాడన్నది మొత్తం తిరగరాయాల్సిందే. వ్యాసం సిద్ధంగా ఉంది. సారు సంతకం ఒక్కటే తక్కువ.

"మూడు ల్యాబులూ ఒకే మాట చెప్పాయి సార్. ఇంకెవరు చెబితే నమ్ముతారు?" అంది. నాలుగేళ్ల కష్టం మరి.

సారు కలానికి మూత పెట్టి, చెప్పడం మొదలుపెట్టారు.

ముప్పై ఏళ్ల కిందట ఆయన కూడా ఆ నది పక్కనే తవ్వించారు. ఒక బూడిద దిబ్బ కింద మూతపెట్టిన కుండ, కుండలో పసిబిడ్డ ఎముకలు, ఎముకల మధ్య గుప్పెడు మాడిన జొన్నలు. అప్పట్లో గింజను నేరుగా పరీక్షించే వీలు లేదు. పక్కనున్న బొగ్గు వయసే గింజ వయసని అనుకునేవారు. ఆ లెక్కన జొన్న మన దేశానికి అందరూ అనుకున్నదానికంటే వెయ్యేళ్లు ముందే వచ్చినట్టు. ఆయన అదే రాశారు. పేరొచ్చింది. పై ఏడు తవ్వకం మొదలైన రోజున, పత్రికలో పడిన ఆ గింజల ఫోటోను కూలీలందరికీ చూపించి మిఠాయి పంచారు.

మధ్యాహ్నం అందరూ సద్ది తినడానికి వెళ్లాక ఉరుకుందమ్మ అనే కూలీ ఒక్కతే ఆగింది. నిరుడు ఆ కుండ మూత తీసింది ఆమే.

"సామీ, ఆ జొన్నలు నావి," అంది. "మూత తీసిన మర్నాడు, మీరు ఫోటో తీయకముందే, పొద్దున్నే వచ్చి నేనే పోసినా. పసిబిడ్డ పోతే మేము జొన్నలు మాడబెట్టి పక్కన పోస్తాము. మాడినవి మళ్లా మొలవవు గదా, అట్లనే ఆ చావు మళ్లా ఆ ఇంటికి రాకూడదని. ఆ బిడ్డకు ఎవురూ పోసినట్టు లేదు. చూసి పాణం ఒప్పలేదు సామీ."

ఆమె బిడ్డ ఒకటి అంతకుముందే పోయిందని ఆయనకు తెలుసు.

"కసురుకున్నాను," అన్నారు సారు. "అవి నీవి కావు, వేల ఏళ్ల నాటివి, ఇంకోసారి ఈ మాట ఎక్కడా అనొద్దన్నాను. సాయంత్రం మేస్త్రీని పిలిచి ఆమెను పనిలోకి రానివ్వొద్దని చెప్పాను."

అది కరువు ఏడు. ఉరుకుందమ్మ మిగిలిన కూతుర్ని చంకనేసుకుని మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోయింది. ఆ పిల్ల అక్కడ జ్వరమొచ్చి చచ్చిపోయింది. కబురు తెచ్చింది మేస్త్రీయే. తోటివాళ్లు జొన్నలు సంపాదించి, మాడబెట్టి చేతికిస్తే ఆమె పోయలేదట.

"'నేను పోసినవి నావి కావని పెద్దసారే చెప్పినాడు. ఇంగ పోసి ఏం లాభం' అనిందంట సార్," అన్నాడు మేస్త్రీ.

పదేళ్ల తర్వాత గింజనే పరీక్షించే పద్ధతి వచ్చింది. ఎక్కడో ఎవరో ఆ జొన్నలు నిన్నమొన్నటివని తేల్చారు. అయినా సారు పరువేం పోలేదు. ఎలుకలు బొరియలు చేసి కొత్త గింజల్ని పాత పొరల్లోకి మోసుకుపోవడం తవ్వేవాళ్లందరికీ తెలిసిన సంగతే. ఆయన రెండు వాక్యాల సవరణ రాశారు: ఎలుక తెచ్చి ఉంటుందని. అందరూ ఒప్పుకున్నారు. అప్పటికి ఉరుకుందమ్మ ఎక్కడుందో, అసలు ఉందో లేదో ఊళ్లో ఎవరికీ తెలియదు.

నస్రీన్ తన వ్యాసం కాగితాల్ని దగ్గరికి లాక్కుంది. "నా గుంతలో ఎలుక బొరియలు లేవు సార్. నేనే చూశాను," అంది మెల్లగా.

"ఆ పొర తవ్విందెవరు?" అని అడిగారు సారు.

ఆమె గబగబా తన నోటుపుస్తకం తెరిచింది. ఆ తేదీ కింద ఎండ, గాలి, మట్టి రంగు, లోతు, ఇనుప ముక్క ఉన్న దిక్కు, అన్నీ రాసి ఉన్నాయి. అన్నిటికీ కింద ‘కూలీలు పద్నాలుగు మంది’ అని మాత్రమే ఉంది.

సారు ఆ పేజీ చదివి, పుస్తకం మూసి ఆమె చేతికిచ్చారు.

"నా పుస్తకంలోనూ అంతే ఉండేదమ్మా. అందుకే ఎలుక అని రాయడం నాకంత సులువైంది."