రోకలిపేట బొడ్రాయి నిలిచిన కథ

పూర్వం గుండమనాయకుడనే దొర తన ఏలుబడిలోని నల్లరేగడి బీడులో కొత్తగా ఒక పేటను నిలపాలని సంకల్పించి, కరువుకు చెదిరిపోయిన వంద కుటుంబాలను బండ్లతో సహా అక్కడికి రప్పించి, ఊరికి నాభివంటి బొడ్రాయిని ప్రతిష్ఠించడానికి వైశాఖ మాసంలో ముహూర్తం పెట్టించాడు. బొడ్రాయి నిలవనిదే ఆ నేల ఊరు కాదు. ఊరు కాని చోట గోడ లేపకూడదు, ఇంటిపొయ్యి వెలిగించకూడదు. అందుచేత ఆ వంద కుటుంబాలూ బండ్లకింద కాపురాలు చేస్తూ, రాయి నిలిచే గడియ కోసం ఎదురుచూశాయి.

రాయి నిలవలేదు. నవధాన్యాలూ పంచలోహాలూ వేసి మంత్రయుక్తంగా నిలిపిన ఆ శిల మొదటి వానజల్లుకే తూర్పుకు ఒరిగింది. మళ్ళీ ముహూర్తం పెట్టి నిలిపితే పడమటికి ఒరిగింది. మూడోసారి ఏకంగా పడుకుంది. ముహూర్తం తాను పెట్టిందే కనుక తప్పు ముహూర్తానిది కాదని సిద్ధాంతి తేల్చాడు. నేల తనదే కనుక తప్పు నేలది కాదని దొర తేల్చాడు. ఇక మిగిలింది అమ్మవారు. ఆమె నిండు చూలాలిని బలి కోరుతున్నదని ఇద్దరూ కలిసి ప్రకటించారు.

ఆ వంద కుటుంబాల్లో నిండు చూలాళ్ళు ఐదుగురు. వారిలో నలుగురు పెద్దమనుషుల ఇళ్ళవాళ్ళు గనక అమ్మవారి చూపు సరిగ్గా ఐదో ఆమె మీద పడింది. ఆమె పేరు సిరియ. ఏటి అవతలి పల్లె నుంచి కోడలిగా వచ్చిన పిల్ల, అడ్డుపడటానికి పుట్టింటివాళ్ళు దగ్గర లేని పిల్ల. ఆమె పెనిమిటి దొర మాటకు తలవంచాడు. ఆ తల మళ్ళీ ఎత్తలేదు. అన్నాళ్ళూ ఆమెకు గుక్కెడు గంజి పోయాలని తోచనివాళ్ళు కొత్త చీరా పసుపూ కుంకుమా పళ్ళెంలో పెట్టి పంపారు.

మరునాటి ఉదయం వాద్యాలతో సిరియను తెచ్చి బొడ్రాయి కోసం తవ్విన గొయ్యి ఒడ్డున నిలబెట్టినప్పుడు, ఆమె అత్త మైలవ్వ భుజాన రోకలితో జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి ధాన్యం దంచి బతికిన మనిషి. కోడలిని వెనక్కి లాగి, తానే గోతిలోకి దిగింది. గుండెలు బాదుకుంటుందని అందరూ అనుకున్నారు. ఆమె వంగి అడుగుమట్టి పిడికిట్లోకి తీసుకుని పిసికి చూసింది.

"ఎవరు తవ్విన్రయ్యా ఇది? సగంలనే ఆపిన్రు!"

"శాస్త్రప్రకారం మూడు మూరలు," అన్నాడు సిద్ధాంతి.

"శాస్త్రం మూడు మూరలు చెప్పిందేమో గని, నల్లమట్టి ఇంకా కిందికి పోయింది అయ్యగారూ. ఎండకు పగులుతది, వానకు ఉబ్బుతది. దీంట్ల రాయి ఎట్ల నిలుస్తది? వాకిట్ల రోలు పాతినోళ్ళు ఒక్కరన్న ఉన్నరా మీల?"

రోట్లో దంచింది తిన్నవాళ్ళే తప్ప రోలు పాతినవాళ్ళు దొర పక్కన నిలబడ్డ వరుసలో లేరు.

"మా రోలు ఒరిగితే మొరం తగిలేదాక తవ్వి, ఇసుకా గులకరాళ్ళూ పోసి దిమ్మిస కొట్టుకుంటం. కోడళ్ళను పాతుకోం."

బండ్ల పక్కన నిలబడ్డ ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. దొర ముఖం కందగడ్డయింది. "అట్లా చేసినా ఒరిగితే?"

"అప్పుడు నన్నూ దాన్నీ ఇద్దర్నీ పెట్టి పూడ్చుండ్రి దొరా. ఇద్దరికి సరిపోయేంత లోతు నేనే తవ్విస్త."

ఆ మాటతో ఆడవాళ్ళు ఒక్కొక్కరే బండ్లలోంచి రోకళ్ళు తీశారు. పెద్దమనుషుల ఇళ్ళ అత్తలు కూడా తీశారు. ఈసారి ఐదో ఆమెతో ఆగకపోతే వంతు ఎవరిదో వాళ్ళూ లెక్కవేసుకునే ఉన్నారు. ఇంకా తవ్వగా ఆరు మూరల లోతున మొరం, కదలని ఎర్రటి గట్టినేల, తగిలింది. అక్కడినుంచి ఏటి ఇసుకా గులకరాళ్ళూ పొరలు పొరలుగా పోస్తూ, మీద రాయిని నిలిపి, చుట్టూ పొద్దు వాలేదాకా దంచారు. సిరియ ఒడ్డున కూర్చుని దంపుడు పాట ఎత్తుకుంటే, తన ప్రాణం ఆ దెబ్బల మీదే ఆధారపడి ఉందని తెలిసి కూడా ఒక్క చోటా గొంతు తడబడలేదని చెబుతారు.

మూడోనాడు మృగశిర కార్తె ప్రవేశించింది. తెల్లవారింది మొదలు కుండపోత. దొరా సిద్ధాంతీ గొడుగుల కిందా, వంద కుటుంబాలూ బండ్ల కిందా నక్కి, కన్నార్పకుండా ఆ రాయినే చూశారు. నేల ఉబ్బింది, బండి చక్రాలు కూరుకుపోయాయి, దొర డేరా గుంజలు నాలుగు పక్కలకీ ఒరిగాయి. వాన వెలిశాక సిరియ బురదలో నడిచివెళ్ళి, రాయికి రెండు చేతులూ ఆనించి బలంకొద్దీ నెట్టి చూసి, వెనక్కి తిరిగింది.

"నిలవడ్డదత్తా!"

"అమ్మవారు శాంతించింది," అన్నాడు సిద్ధాంతి.

"ఆమె ఎప్పుడలిగింది అయ్యగారూ? మిమ్మల్ని లోతుగ తవ్వమన్నది, గంతే," అన్నది మైలవ్వ.

ఆ సాయంత్రం వంద పొయ్యిలు వెలిగాయి. దొర తన పేరిట గుండమనాయనిపురమని శాసనం వేయించాడు గానీ, ఆ పేరు దాన్ని చెక్కినవాడు తప్ప ఇంకెవరూ పలికినట్టు లేదు. జనం నోట ఊరు మొదటినుంచీ రోకలిపేటే. నేల కోసం చూలాళ్ళను బలిపెట్టిన స్థలాల కథలు మనకు చాలానే ఉన్నాయి, వాటిలో చనిపోయిన కోడళ్ళకు గుళ్ళూ ఉన్నాయి. రోకలిపేటలో సిరియకు గుడి లేదు. ఆమె ఆడపిల్లను కని, మనవరాళ్ళను ఎత్తుకుని, అత్తను మించిన నోటితో ముసలిదై కన్నుమూసింది.

బొడ్రాయి మొదలు దగ్గర రోకళ్ళ ఇనుప పొన్నులు తగిలిన గంట్లు ఇప్పటికీ వేలికి తెలుస్తాయి. ఏటా మృగశిర కార్తె నాడు ఊరి పుట్టినరోజు జరుపుతారు. ఆడవాళ్ళు రోకళ్ళతో రాయి చుట్టూ నేల దంచుతారు. ఆపైన పరాయి ఊరినుంచి కోడలిగా వచ్చిన ఒక చూలాలిని నులకమంచం మీద కూర్చోబెట్టి, ముందుగా ఆమెకు అన్నం వడ్డిస్తారు. ఆమె నిదానంగా తిని, చేయి కడుక్కుని, లేచి వచ్చి రాయిని నెట్టి చూస్తుంది. పూజారి హారతి పళ్ళెం పట్టుకుని అంతదాకా ఎండలో నిలబడే ఉంటాడు.

"నిలవడ్డదా తల్లీ?" అని ఆయన అడగాలి.

ఆమె "నిలవడ్డది" అన్నాకే డప్పు మోగుతుంది.