ఆరిందండీ

ప్రశ్న అడిగినవాడికి పరాంకుశంగారు వెంటనే జవాబు చెప్పిన పాపాన పోలేదు. ముప్పై ఏళ్లు మందుల ఫ్యాక్టరీలో, రసాయన చర్యల్ని వేగం చేసే నికెల్ పొడి దగ్గర పనిచేసి వచ్చిన మనిషి ఆయన. పక్కన ఇసుక బకెట్టు లేనిదే సొంత అరుగు మీద కూడా కూర్చునేవారు కాదు. ఆ బకెట్టును చూసి శిష్యుడు ముకుందం లోలోపల నవ్వుకునేవాడు. రసాయనశాస్త్రం పుస్తకాలన్నీ నమిలి మింగినవాడు మరి, నవ్వడా!

ఆ ఉదయం అతను వచ్చీ రాగానే అడిగేశాడు.

“సూత్రం ఒకటే కదా మాస్టారూ, ఫ్యాక్టరీలో జరిగే చర్య మా ఇంట్లో ఎందుకు జరగకూడదు?”

అడిగాడే గాని, పని అప్పుడే మొదలుపెట్టేశానని చెప్పలేదు. తెలిసినవాళ్లను పట్టుకుని, ఫ్యాక్టరీలో వాడేసి పక్కన పడేసిన నికెల్ పొడి ఒక సీసాడు సంపాదించాడు. ఇక పనిచెయ్యదని అక్కడివాళ్లు దాన్ని ‘చచ్చిన సరుకు’ అంటారు, అయినా నీళ్లలోనే ఉంచుతారు. తడి మీద తూకం సరిగా రాదని అతను కొంత పొడిని వడగట్టి, పల్చటి గుడ్డ మీద పరిచి, వంటింటి కిటికీలో ఆరబెట్టి మరీ వచ్చాడు.

పరాంకుశంగారు లోపలికి వెళ్లి, నీళ్ల సీసాలో దాచి ఉంచిన నల్లటి నికెల్ పొడి చిటికెడు తెచ్చి, కాగితం మీద వేసి, ఇటుక మీద పెట్టారు.

“కూర్చో. ఇది ఆరనీ.”

ఎండ ఎక్కింది. ముకుందానికి విసుగొచ్చింది. పొడి అంచున నలుపు కాస్త వెలిసింది. దగ్గర్లో పొయ్యి లేదు, అగ్గిపుల్ల గీసినవాళ్లూ లేరు. ఉన్నట్టుండి పొడి మధ్యలో ఎర్రటి చుక్క ఒకటి లేచి పాకింది, కాగితం భగ్గుమంది. పరాంకుశంగారు దాని మీద గుప్పెడు ఇసుక పోశారు.

ముకుందానికి వంటింటి కిటికీ గుర్తొచ్చింది. భార్యకు ఫోన్ చేశాడు.

“వకుళా, కిటికీలో ఆ గుడ్డ...”

“ఇప్పుడే చూశా. ఆరిందండీ.”

తడీ ఆరుతుంది, మంటా ఆరుతుంది. రెంటికీ ఒకటే మాటని పుట్టి బుద్ధెరిగాక అతనికి అప్పుడే తెలిసింది.

“ఏది ఆరింది? తడా, మంటా?”

“మంటేమిటండీ? పొడి శుభ్రంగా ఎండిపోయింది. డబ్బాలోకి ఎత్తుతున్నా.”

“ముట్టుకోకు! వదిలేసి బయటికి వచ్చెయ్!”

అవతల “అమ్మా!” అన్న కేక, ఫోన్ కింద పడిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

రెండు వీధులు ఎలా పరిగెత్తాడో అతనికే తెలియదు. వకుళ వాకిట్లో చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. వేళ్లు బొబ్బలెక్కాయి. ఇరుగుపొరుగువాళ్లు ఇసుక పోసి మంట ఆర్పారు. తెర కాలిపోయింది, కిటికీ చెక్క బొగ్గయింది. గ్యాస్ సిలిండరు ఆ కిటికీకి రెండు బారల దూరంలో ఉంది.

“చచ్చిన పొడేగా అన్నారు,” అంది వకుళ.

వారం తర్వాత మిగిలిన పొడిని నిండా నీళ్లు పోసిన సీసాలో తెచ్చి మాస్టారి ముందు పెట్టాడు.

“సూత్రంలో తప్పు లేదు మాస్టారూ. మరెక్కడ...”

పరాంకుశంగారు సీసాను వెలుతురుకి ఎత్తి, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూశారు.

“సూత్రం చూసుకోవడానికి అక్కడ వేరేవాళ్లుండేవారు నాయనా. నన్ను పెట్టుకున్నది తడి చూసుకోవడానికి.”