లక్కయ్య పట్టిన జెండా

వెనకటికి, ఊళ్ళకు పటాలు గీయని రోజుల్లో, ఓ పెద్ద జమ్ము చిత్తడి ఒడ్డున లక్కయ్య అనే గేదెల కాపరి ఉండేవాడు. ఊఁ కొడుతూ వినండి. మధ్యలో ఆపితే నాకు మళ్ళీ చెప్పబుద్ధి కాదు.

చిత్తడి చుట్టూ ఊరి మేతబీడు. ఆ బీడంతా మాదేనంది అవతలి దివాణం. హద్దు తేల్చి పటం గీయడానికి సర్వే దొర వచ్చాడు. మూడు కాళ్ళ మీద, దూరానివి చూసే ఇత్తడి గొట్టం నిలబెట్టాడు. చిత్తడి నడుమ జెండాగడ పట్టుకుని ఒకడు నిలబడాలన్నాడు. లక్కయ్యని పొమ్మన్నారు.

"కదలకురా. కదిలితే గీత తప్పుతుంది. గీత తప్పితే మేత పోతుంది" అన్నాడు ఊరి పెద్దకాపు.

"దిగబడితేనో?" అంది లక్కయ్య పెళ్ళాం పోలి.

"గొట్టంలో చూస్తూనే ఉంటాం కదే! జెండా కిందికి జారితే డప్పు కొట్టిస్తాం. వినబడగానే వచ్చేస్తాడు."

"అట్టాగేనయ్యా" అని లక్కయ్య వెళ్ళాడు. నిలువెత్తు జమ్ములో మనిషి కనబడలేదు. దూరాన ఎర్రగుడ్డ ఒక్కటే కనబడింది.

దొర పెద్దకాపుని గొట్టం దగ్గర కూర్చోబెట్టి, కొలగొలుసు పట్టించడానికి అవతలి గట్టుకు పోయాడు.

"అయ్యా, జెండా దిగుతోంది" అంది పోలి.

పెద్దకాపు గొట్టంలో చూశాడు. "పైకే పోతోందే!"

"అయ్యా, సగం దిగింది."

"ఇంకా పైకి పోయిందే! మీ ఆయన మెరక ఎక్కాడు."

"అయ్యా, గుడ్డ అంచే మిగిలింది!"

"నోర్ముయ్యవే. గాజుకన్ను కన్నా నీ కన్ను గొప్పదా?"

జనం నవ్వారు. డప్పువాడు కర్రలు చంకలో పెట్టుకుని మరీ నవ్వాడు. పోలి చిత్తడిలోకి పరుగెత్తబోతే, గీత చెడుతుందని ఇద్దరు పట్టి ఆపారు.

దొర తిరిగొచ్చాడు. "జెండా ఏది?"

"పైపైకి పోయి కనబడకుండా పోయింది దొరా."

దొర మొహం పాలిపోయింది. "అయ్యో! ఆ గొట్టంలో అంతా తలకిందులుగా కనబడుతుంది! నేను చెప్పనే లేదు!"

ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడికొచ్చేసరికి నాకు ఒళ్ళు జల్లుమంటుంది. చూస్తూనే ఉన్నారు గదా! ఊరు ఊరంతా చూస్తూనే ఉంది గదా!

దోనె వేసుకుని వెళ్ళారు. గడ నిటారుగానే ఉంది. బురద కింద రెండు చేతులూ దాన్ని పట్టుకునే ఉన్నాయి. పాపం, డప్పు ఎప్పుడు మోగుతుందా అని చెవులొగ్గి నిలబడ్డాడు.

గీత తప్పలేదు. మేత మిగిలింది. ఆ చోటుకి లక్కయ్య మడుగని పేరొచ్చింది. ఇప్పటికీ ఆ వైపు గేదెల్ని తోలుకెళ్ళేవాళ్ళకి ఇంట్లో ఆడవాళ్ళు బువ్వమూట చేతికిస్తూ ఒక్కటే మాట చెబుతారు:

"కాలు దిగిందా, ఎవరో పిలుస్తారని చూడకు. వచ్చెయ్."