కారం మూతిగుడ్డలు

అనగనగా ఒక ఊళ్ళో, నేల ఎర్రన, కాయ ఎర్రన, గట్టిగా గాలి పీలిస్తే ముక్కు కూడా ఎర్రనయ్యే మిరపకాయల ఊళ్ళో, నాంచారి అని ఒక అమ్మాయి ఉండేది తల్లీ. చంకలో పసిపిల్ల, నోట్లో నిప్పుకణిక. తప్పనిపిస్తే ఎంతటివాడినైనా నిలదీసేది.

ఆ ఏడు ఊళ్ళో ఆడవాళ్ళంతా కలిసి ఒక చేను కౌలుకి పట్టారు. కలిసి నాటారు, కలిసి నీళ్ళు కట్టారు, కలిసి కోశారు. కాయ విరగకాసింది. కల్లం నిండా ఎర్ర దుప్పటి పరిచినట్టు ఎండబోశారు.

అప్పుడు వచ్చింది దగ్గుజబ్బు. కంటికి కనబడదు. ఒకళ్ళ ఊపిరిలోంచి ఇంకొకళ్ళ ఊపిరిలోకి గెంతుతుంది. నర్సమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. "ముక్కూ మూతీ మూసేలా మాస్కు కట్టుకోండమ్మా. అది లేకుండా నలుగురూ ఒకచోట చేరకండి."

నలుగురూ చేరకపోతే కల్లంలో పని ఎలా అవుతుంది? తాలుకాయ ఏరిపారెయ్యాలి. మంచికాయ పోగు చెయ్యాలి. గోతాల్లో పోసి, తొక్కి, మూతి కుట్టాలి. పైన చూస్తేనేమో మబ్బు. ఒక్క వాన పడిందంటే కాయ నల్లబడుతుంది, ఏడాది కష్టం బూజు పట్టిపోతుంది.

దుకాణానికి పరిగెత్తారు. ఒక్క మాస్కు లేదు. ఊళ్ళోకెల్లా పెద్ద రైతు పేరయ్య ఆసామి ఉన్నవన్నీ మూటగట్టి పట్టుకుపోయాడు. ఇంటిల్లిపాదికీ కట్టాడు, గుమాస్తాకి కట్టాడు, ఆఖరికి పంజరంలో చిలక్కి కూడా కట్టాడు. జామపండు తినలేక ఆ చిలక పేరయ్యని తిట్టని తిట్టు లేదు.

నాంచారి వెళ్ళి అడిగింది. పేరయ్య అరుగు దిగలేదు.

"ఇవ్వకేం పిల్లా, ఇస్తాను. నా మాస్కు కట్టిన మనిషి ముందు నా కల్లంలో పనిచెయ్యాలి. నా కాయంతా కొట్లోకి చేరాక మీది చూసుకోండి."

"అప్పటిదాకా వాన ఆగుతుందా, ఆసామీ?"

"ఆ సంగతి వాననే అడుగు!"

నాంచారికి ఒళ్ళు మండింది. "మూతికి గుడ్డిచ్చి చేతులకి తాడు కడతావా? మా ఊపిరి నీకు తాకట్టు పెట్టం!" అని గిరుక్కున తిరిగి వచ్చేసింది.

ఆ తర్వాత ఆడవాళ్ళు పమిటచెంగులు మూతికి చుట్టుకుని కల్లంలోకి దిగారు. వంగితే చెంగు జారింది. సర్దుకోబోతే కారం చెయ్యి కంట్లో తగిలింది. ఒకటే మంట, ఒకటే కన్నీళ్ళు. గట్టు మీద పేరయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

అప్పుడు నాంచారి మస్తాన్‌బీ ఇంటికి వెళ్ళింది. ఊరందరికీ బట్టలు కుట్టేది ఆవిడే.

"పిన్నీ, మాస్కు కుట్టగలవా?"

"పెళ్ళికూతుళ్ళకి జాకెట్లు కుట్టినదాన్ని, మూతికి జాకెట్టు కుట్టలేనుటే?" అంది మస్తాన్‌బీ.

కానీ గుడ్డ ఏదీ? ఏటా కల్లంలో ఘాటు తగలకుండా మూతికి కట్టుకునే పాత నూలు గుడ్డలు ప్రతి ఇంట్లో ఉన్నాయి. అవే తెచ్చి, నీళ్ళల్లో జాడించి, ఆరేసి ఇచ్చారు. మస్తాన్‌బీ కాలి మిషను టకటకలాడింది. ముక్కు దగ్గర కుచ్చు పెట్టి, రెండు మడతలు వేసి, చెవులకి నాడాలు కుట్టింది. ఎంత ముద్దుగా వచ్చాయో! కుట్టినవి కుట్టినట్టే తన దండెం మీద వేసింది. నాంచారి కొన్నింటిని అక్కడే వదిలేసి, మిగతావి కల్లానికి మోసుకెళ్ళింది.

అందరూ కట్టుకున్నారు. కట్టుకుని ఒక్కసారి ఊపిరి పీల్చారు.

హాఛ్! హాఛ్! హాఛ్!

ఏమయిందో తెలుసా? ఏళ్ళ తరబడి గుడ్డ బయటివైపు పట్టిన కారం, కుట్టేటప్పుడు మడత తిరగబడి లోపలివైపుకి వచ్చేసింది. నీళ్ళకి పోయే కారమా అది! మూతులు మండి, ముక్కులు కారి, అందరూ మాస్కులు పీకి విసిరేశారు.

"నీ మాటలు వింటే గుండె నిండుతుంది గానీ, నాంచారీ, ముక్కు కాలిపోతోందే!" అంది ఒకామె. "పోయి ఆసామి మాస్కులే తెచ్చుకుందాం" అంది ఇంకొకామె. గట్టు మీద పేరయ్య అయితే నవ్వి నవ్వి కూలబడ్డాడు.

నాంచారి ఏడుస్తూ ఇంటికి వచ్చింది. పసిపిల్ల రెండు చేతులూ చాపి ఎగిరింది. ఎత్తుకోబోయి నాంచారి ఆగింది. కల్లం నుంచి వచ్చిన ఏ తల్లీ కారం చేతులతో బిడ్డని ముట్టుకోదు కదా! రోజూలాగే అరచేతులకి ఆముదం రాసింది, కుంకుడు రసంతో కడిగింది. చేతులు చల్లబడ్డాయి. బిడ్డని ఎత్తుకుంది.

ఎత్తుకుని, ఉలిక్కిపడింది. "చేతుల కారం తీసే ఆముదం, గుడ్డ కారం తియ్యదా?"

బిడ్డని చంకనేసుకుని వీధి వీధీ పరిగెత్తింది. ఒకింటి నుంచి ఆముదం వచ్చింది, ఒకింటి నుంచి కుంకుడుకాయలు వచ్చాయి, ఒకింటి నుంచి కాగులో వేడినీళ్ళు వచ్చాయి. విసిరేసిన మాస్కులన్నీ ఏరుకొచ్చి ఆముదంలో పిసికారు, కుంకుడు నురగలో ఉతికారు, మండే ఎండలో ఆరేశారు.

మొదట నాంచారి కట్టుకుంది. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. నాంచారి మాత్రం హాయిగా పీల్చి వదిలింది.

ఇంకేముంది! కల్లం నిండా మూతిగుడ్డలే. పువ్వులవి, చుక్కలవి, గళ్ళవి. ఎడం ఎడంగా కూర్చుని ఏరారు, పోశారు, తొక్కారు. తొక్కుతూ పాడారు:

"చేను మాది, చెయ్యి మాది,
పీల్చుకునే గాలి మాది!"

పేరయ్య కూలీలకేమో కాగితం మాస్కులు చెమటకి నాని చిరిగిపోయాయి, పని ఆగిపోయింది. వాళ్ళు మొహమాటంగా వచ్చి నిలబడ్డారు. "తీసుకోండి, దీనికి షరతుల్లేవు" అని నాంచారి తలా ఒకటి ఇచ్చింది.

ఆఖరి గోతం కొట్లోకి చేరేసరికి ఉరిమింది. అప్పుడు పేరయ్య పరిగెత్తుకొచ్చాడు. ఆయన కాయంతా ఇంకా ఆరుబయటే ఉంది. ఆయన మాస్కూ చిరిగిపోయింది. ఎవరినీ అడగలేదు. మస్తాన్‌బీ దండెం మీద వేలాడుతున్నదొకటి లాగి మూతికి బిగించుకున్నాడు.

అవి ఆముదం చూడనివి, తల్లీ!

"హాఛ్! చచ్చాన్రా బాబోయ్!" అని పేరయ్య తన అరుగుదాకా గంతులే గంతులు. పంజరంలో చిలక పకపకా నవ్వింది.

నాంచారి ఆముదం గిన్నె తెచ్చి ఆయన దోసిట్లో పోసింది. "రాసుకో ఆసామీ. అడిగి ఉంటే ఉతికినదే ఇచ్చేవాళ్ళం."

పేరయ్య తల దించుకున్నాడు. "నా కాయ..." అన్నాడు.

"కాయేం పాపం చేసింది? పదండే!" అంది నాంచారి. "నువ్వూ రావాలి ఆసామీ, గట్టు మీద నుంచి కాదు, గోతంలోకి దిగి తొక్కాలి."

మంచి మూతిగుడ్డ కట్టుకుని పేరయ్య కూడా అందరితో కలిసి తొక్కాడు. కుండపోతగా వాన కురిసింది, ఖాళీ కల్లాల మీద! కాయ తడవలేదు, నాంచారి కల్లంలో ఒక్కరికీ దగ్గు అంటలేదు. ఆ మర్నాడు నాంచారి చిలక మూతికున్న మాస్కు కూడా విప్పేసి, పంజరం తలుపు తీసేసింది.

కాయ కొట్లోకి పోయింది,
కారం నురగలో పోయింది,
చిలక చెట్టెక్కింది,
గుడ్డ దండెమెక్కింది,
కథ కంచికి చేరింది,
కన్ను నిద్రలోకి జారింది.
మనం మనింటికి, నువ్వు నా ఒళ్ళోకి.