ఎడమ చేతి ఈము

తవిటినాయుడి దగ్గర ఆ రోజుకి పద్దెనిమిది వేల నాలుగు వందలు ఉన్నాయి.

భుజం నుంచి మణికట్టు దాకా అతని ఎడమ చెయ్యి ఇరవై రెండు అంగుళాలు. చుట్టుకొలత, లావు చోటూ సన్నం చోటూ కలిపి సరాసరి వేస్తే, పదకొండు. మొత్తం రెండు వందల నలభై రెండు చదరపు అంగుళాలు. విశాఖపట్నంలో టాటూలు వేసే కుర్రాడు అంగుళానికి వంద చెప్పాడు.

"బొమ్మ లేదు, పేరు లేదు, గీత లేదు. ఉత్త నలుపు. గోడకి సున్నం వేసినట్టే కదా తమ్ముడూ" అని నాయుడు దాన్ని డెబ్బై అయిదుకి దింపాడు. పద్దెనిమిది వేల నూట యాభై. మిగిలే రెండు వందల యాభైతో బస్సెక్కి వెళ్ళొచ్చు. తిరిగి రావడం సంగతి తరవాత చూసుకోవచ్చు.

లెక్క తేలింది. గురువుగారి అనుమతి ఒక్కటే తేలలేదు.

గురువుగారంటే బొబ్బిలి ప్రొఫెసర్ కూర్మారావు. ఆయన ఏ కాలేజీలోనూ పాఠం చెప్పలేదు. మేజిక్ చేసే పెద్దవాళ్ళని జనం అలా పిలుస్తారు, అంతే. నాయుడు మూడేళ్ళుగా ఆయన పెట్టెలు మోస్తున్నాడు, పావురాలకి నూకలు వేస్తున్నాడు, మధ్యలో దొరికినంత విద్య నేర్చుకుంటున్నాడు.

వారం కిందట గురువుగారు పిలిచి చెప్పారు.

"వచ్చే నెల సాలూరులో లారీ ఓనర్ల వార్షికోత్సవం. నా వేళ్ళు మాట వినడం లేదు. ఈసారి స్టేజీ నువ్వెక్కు. బాగా చేశావంటే వేసవిలో వచ్చే ఆటలన్నీ నీవే."

"చెడిందంటే, గురువుగారూ?"

"పావురాలు ఎక్కడికీ పోవు కదా."

నాయుడు సంతోషంతో ఆయన కాళ్ళకి దండం పెట్టాడు. లేచి నిలబడేసరికి సంతోషం సగమైంది. వాళ్ళ పరంపరలో ఒక నియమం ఉంది. స్టేజీ మీదికి రాగానే, మొదటి ఆటకంటే ముందు, రెండు చేతుల చొక్కా భుజాల దాకా మడిచి జనానికి చూపించాలి. చూడండి బాబూ, ఏమీ దాచలేదు అనాలి. అది చెయ్యనివాడు కూర్మారావు శిష్యుడు కాడు.

నాయుడు మాత్రం మే నెలలో కూడా ఫుల్ హేండ్స్ చొక్కా విప్పేవాడు కాదు.

ఎందుకంటే అతని ఎడమ చేతి మీద ఈము పక్షి ఉంది.

ఎనిమిదేళ్ళ కిందట, ఇరవై ఏళ్ళ వయసులో, సాలూరు పొలిమేరలో ఈము పక్షుల ఫారం పెట్టాడు. జతకి ఏడాదికి ముప్పై గుడ్లు. ముప్పైలో ఇరవై పిల్లలు. ఆ పిల్లలు మళ్ళీ గుడ్లు. ఏడో ఏడాదికి వచ్చే అంకె కాలిక్యులేటర్లో పట్టలేదు. ఆ అంకె చూసిన ఊపులో పచ్చబొట్టు వేయించుకున్నాడు. భుజం మీద రెండు కాళ్ళు, మోచేతి పైన ఒళ్ళు, మోచేతి నుంచి మణికట్టు దాకా మెడ, మణికట్టు దగ్గర కన్ను, ముక్కు. సాలూరులో టీ కొట్టు టీ కొట్టుకీ వెళ్ళి, చొక్కా విప్పి, చెయ్యి చాపి మరీ ఈము పెంపకం మీద ఉపన్యాసాలు ఇచ్చాడు.

పక్షులు అతని లెక్క ప్రకారం తిన్నాయి. లెక్క ప్రకారం అమ్ముడుపోలేదు. రెండేళ్ళకి ఫారం పోయింది, పక్షులు పోయాయి, చెయ్యి మిగిలింది. ఇప్పటికీ సాలూరులో బస్సు దిగితే మంగలి సింహాచలం దూరం నుంచే అరుస్తాడు, "నాయుడూ, ఈము తైలం తెచ్చేవా?"

ఆ ఊళ్ళో, ఆ జనం ముందు, చొక్కా మడవాలి.

*

గురువుగారు పెరట్లో పావురాల గూడు కడుగుతున్నారు. నాయుడు నీళ్ళ బకెట్టు అందించి గొంతు సవరించుకున్నాడు.

"గురువుగారూ, ఈ చెయ్యంతా నలుపు వేయించేద్దామనుకుంటున్నాను."

"ఏటి, దిష్టికా?"

"కాదండీ, ఇప్పుడదో ఫ్యాషను. ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా, సందు లేకుండా, ఒకటే నలుపు. పిట్ట దాని కిందకి పోతుంది."

"పోతుందా?"

"కనపడదండీ."

"పోవడం వేరు, కనపడకపోవడం వేరు. ఆ తేడా మీదే కదరా మనిద్దరం అన్నం తింటున్నాం." ఆయన గూట్లోంచి ఒక ఈక తీసి అవతల పడేశారు. "నొప్పెంత?"

"అంగుళానికి నాలుగు నిమిషాలట. మొత్తం పదహారు గంటల చిల్లర."

"నొప్పెంతరా అంటే టైము చెప్తావేటి."

గురువుగారు చేతులు కడుక్కుని, తువ్వాలు వెతుక్కుంటూ, వద్దనలేదు, సరేననలేదు. "రేపు సంత. నాతో రా. టేబులు మీద పరిచే నల్ల వెల్వెట్టు గుడ్డ ఉంది చూడు, అది తీసి ఉంచు" అన్నారు.

పొద్దున్నే ఆయన అరుగు మీద కూర్చుని ఎడమ చెయ్యి చాపారు.

"కట్టు. భుజం నుంచి మణికట్టు దాకా. నీకు నచ్చినట్టే, సందు లేకుండా."

నాయుడు గుడ్డ చుట్టి, సూది తీసుకుని పొడవునా కుట్లు వేశాడు. ముడత లేకుండా బిగించాడు. పనిలో అతనికి వంక పెట్టలేం.

"లోపల ఏటయినా ఉందా?"

"ఏముంటుందండీ. మీ చెయ్యే."

"బాగా చూశావా?"

"నేనే కదండీ కుట్టింది!"

"అయితే సంచీ తగిలించుకో. పద."

*

సంత గేటు దగ్గరే మొదలైంది.

"అయ్యో పొపెసరు గారూ, సెయ్యికేటయినాదండీ?" అంది మిరపకాయల ముసలమ్మ.

గురువుగారు చిరునవ్వు నవ్వి ముందుకి నడిచారు. ఆయన జవాబు చెప్పకపోయేసరికి సంతే జవాబులు చెప్పుకోవడం మొదలుపెట్టింది.

"కాలిపోనాది. నిప్పుతోటి ఆటలు ఆడతాడు గదా."

"కాలితే నల్లగుడ్డ కడతారేటి? పాము. పాము కరిస్తేనే అలా బిగిస్తారు."

"పాము కరిసినోడు సంతకొస్తాడేట్రా, ఆస్పత్రికి పోక!"

"మొక్కు గావాల."

"మొక్కూ లేదు, ఏటీ లేదు. బంగారం. లోపల బిళ్ళలు పెట్టి కుట్టించుకున్నాడు. ఆ కుట్లు సూడు."

బంగారం అనగానే వెనక నడిచేవాళ్ళు ఇద్దరల్లా పదిమందయ్యారు. ఒక పిల్ల ధైర్యం చేసి వచ్చి ఒక వేలితో నొక్కి, కెవ్వుమని పారిపోయింది. ఎందుకు కెవ్వుమందో ఎవరికీ తెలియదు గానీ, దాంతో పాము పక్షం బలపడింది.

గురువుగారు అనాసపళ్ళ బండి దగ్గర ఆగారు. నల్ల చేతిని మెల్లగా పైకెత్తి, తలపాగా సర్దుకుంటున్నట్టు, ఒక క్షణం అలాగే ఉంచారు. అందరూ చూశారు. బండి మనిషి చూశాడు. బుట్టలు నెత్తికెత్తుకుంటున్న ఆడవాళ్ళు చూశారు. చెయ్యి దిగాక గురువుగారు నడిచారు, జనమూ నడిచారు.

సంత దాటాక, రోడ్డు వార టీ కొట్టు బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. గురువుగారు రెండు టీలు చెప్పారు.

"సంచీ బరువుగా లేదూ?"

నాయుడు సంచీలోకి చూశాడు. ఆకుల జుట్టుతో సహా, కుండంత అనాసపండు.

"ఇదెప్పుడు వచ్చిందండీ?"

"బండి దగ్గర. కుడి చేత్తో జుట్టు పట్టుకుని ఎత్తాను, నీ సంచీలో పెట్టాను. దాపరికం ఏటీ లేదు. నా వేళ్ళు చూశావు కదా ఎలా వణుకుతున్నాయో. రెండుసార్లు జారింది కూడా. కంగారు పడకు, డబ్బులు నిన్ననే ఇచ్చేశాను."

"నేను మీ పక్కనే ఉన్నాను!"

"ఉన్నావు. ఏటి చూస్తున్నావు?"

నాయుడు గురువుగారి నల్ల చేతి వైపు చూశాడు.

"కుట్టినవాడివి నువ్వే. లోపల ఏటీ లేదని చెప్పినవాడివీ నువ్వే. మరి నీకేటి కనపడిందిరా అందులో, అంతలా చూశావు?"

నాయుడు కాసేపు అనాసపండుని తిప్పి తిప్పి చూశాడు. అతని బుర్ర ఎక్కువసేపు దిగులు పడే రకం కాదు. ఉన్నట్టుండి ముఖం వెలిగింది.

"అయితే గురువుగారూ, నల్ల చెయ్యి మనకి లాభమే కదండీ! జనమంతా దాన్నే చూస్తుంటే కుడి చేత్తో ఏనుగునైనా మాయం చెయ్యొచ్చు. పెట్టుబడి ఒక్కసారే. జీవితాంతం ఖర్చు లేదు!"

"లాభమే" అన్నారు గురువుగారు. "సాలూరులో ఎవడో ఒకడు లేచి అడుగుతాడు, ఏట్రా ఆ నలుపు అని. ఏటి చెప్తావు?"

"కింద పాత బొమ్మ ఉండేది, దాని మీద వేయించానని..."

టీ తెస్తున్న కొట్టువాడు రెండు గ్లాసులతో అక్కడే ఆగిపోయాడు.

"ఏ బొమ్మ బాబూ?" అన్నాడు.

*

నాయుడు విశాఖపట్నం వెళ్ళలేదు. మర్నాడు బజారుకి వెళ్ళి అట్టల కొద్దీ కోడిగుడ్లూ, చిన్న డబ్బాడు ఆకుపచ్చ రంగూ కొన్నాడు.

ఈము గుడ్డు ఆకుపచ్చగా ఉంటుంది. సాలూరులో ఆ సంగతి చిన్నపిల్లలకి కూడా తెలుసు, చెప్పింది అతనే కనక. చొక్కా మడవడం, పిట్టని చూపించడం, మెడ దగ్గర్నుంచి పైకి నిమరడం, చంకలోంచి పచ్చటి గుడ్డు తీయడం. ఇదీ అతను సొంతంగా కల్పించిన మొదటి ఆట.

మొదటి గుడ్డుకి రంగు వేసి గురువుగారికి చూపించాడు.

"చిన్నదిరా. ఈము గుడ్డు ఇంతుంటుంది కదా?" ఆయన రెండు అరచేతులూ దూరంగా పెట్టి చూపించారు.

"మార్కెట్టు పడిపోయింది కదండీ."

గురువుగారు నవ్వినంతసేపు నవ్వి, కళ్ళు తుడుచుకుని, "చెయ్యి, చూస్తాను" అన్నారు.

చేశాడు.

"కనపడింది."

పైన వేసుకునే చేతుల్లేని కోటు జేబులోంచి గుడ్డు అరచేతిలోకి వచ్చే ఆ ఒక్క క్షణం దగ్గరే చిక్కు. పిట్ట బాగుంది, నిమరడం బాగుంది, ఆ క్షణం మాత్రం కనపడిపోతోంది. చెయ్యి వేగం పెంచాడు. కనపడింది. తగ్గించాడు. కనపడింది. దగ్గాడు. దగ్గితే ఇంకా బాగా కనపడింది. నెలంతా ఆ ఇంట్లో పొద్దున్న అట్టు, మధ్యాహ్నం పులుసు, సాయంత్రం వేపుడు, అన్నీ గుడ్డువే. పావురాలు కూడా అనుమానంగా చూడసాగాయి.

సాలూరు బయలుదేరే రోజు పొద్దున కూడా గురువుగారు అదే మాట అన్నారు. "కనపడింది."

*

సాయంత్రం ఆరున్నరకి స్టేజీ పక్క తెర వెనక ఇద్దరూ నిలబడ్డారు. ముందు బల్లల మీద లారీ ఓనర్లు, వెనక డ్రైవర్లు, క్లీనర్లు, ఆడవాళ్ళు, చంటిపిల్లలు. మైకులో ప్రకటించారు, "ఇప్పుడు ప్రొఫెసర్ కూర్మారావు గారి శిష్యులు, మన ఊరి కుర్రాడు, మెజీషియన్ తవిటినాయుడు గారు..."

వెనకనుంచి మంగలి సింహాచలం గొంతు లేచింది.

"ఓరి, మన ఈము నాయుడురా!"

"పిట్టలేవి నాయుడూ? మాయం చేసేసేవా?"

"అవి ఎప్పుడో మాయమైపోనాయి కదేటి!"

పందిరంతా ఒక్కసారి ఘొల్లుమంది.

ఎడమ చేతి బొత్తాం మీద నాయుడి వేళ్ళు ఆగిపోయాయి.

"గురువుగారూ, చెయ్యి చూపించకుండానే ఇంతలా నవ్వుతున్నారండీ. చూపిస్తే?"

"ఇంకా నవ్వుతారు."

"ఆ జేబు దగ్గర ఇంకా కుదరనే లేదు కదండీ. ఆ నవ్వుల్లో అదీ కనపడిపోతే ఇంక..."

గురువుగారు తెర సందులోంచి జనాన్ని చూస్తున్నారు. ముందు వరసలో ఒక లావుపాటి ఓనరు పొట్ట పట్టుకుని, తల వెనక్కి వాల్చి నవ్వుతున్నాడు. పక్కనున్న ఆవిడ పమిట ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వేవాళ్ళ కళ్ళు ఎలా ఉంటాయో చూడు" అన్నారు గురువుగారు.

నాయుడు తెర సందులోంచి చూశాడు. నవ్వుతున్నవాళ్ళ కళ్ళన్నీ మూసుకుపోయి ఉన్నాయి.

తరవాత బొత్తాం విప్పుకుని, కోటు జేబులో గుడ్డు ఎటు తిరిగి ఉందో ఒక్కసారి తడిమి, తెర పక్కకి జరిపాడు.