నక్క మీసానికి అంటిన కుంకుమ

కార్తీకం వచ్చిందంటే ఏటిగట్టు తోటలో జంతువులకు వనభోజనాలు. చిక్కుడు పందిరి నిండా పూత, బంతిమొక్కల మీద తూనీగలు, ఒళ్లు వెచ్చబెట్టే నీరెండ. ఆ ఒక్కరోజు పగలన్నీ పక్కనబెట్టి, ఎవరికి దొరికింది వాళ్లు తెచ్చి ఉసిరిచెట్టు కింద కలిసి తినాలని కట్టుబాటు.

నక్క బొరియ నిండా వేరుశనక్కాయలున్నాయి. పట్టుకెళ్తే కుందేలూ కోడిపుంజూ ఊదేస్తాయని దాని బెంగ. ఉత్తచేతులతో వెళ్తే పరువు దక్కదు. చివరికి నుదుట ఇంత బూడిద రాసుకుని బయల్దేరింది.

"ఈవేళ సోమవారం కదా, ఉపవాసం. చుక్క పొడిచేదాకా మంచినీళ్లయినా ముట్టను," అంది.

"నక్క ఉపవాసమంటే కోళ్లగూటికి గడియ బిగించుకోమన్నట్టే!" అంది పుంజు రెక్కలు దులుపుకుంటూ.

కుందేలు పడీపడీ నవ్వింది. ముసలి ఎద్దు మాత్రం నవ్వలేదు. తాను మోసుకొచ్చిన చెరకుగడను పక్కన పెట్టేసింది.

"అదేంటి మామా, తినవేం?" అంది నక్క.

"నువ్వు పస్తుంటే నాకు ముద్ద దిగుతుందా అల్లుడూ? చుక్క చూసి ఇద్దరం కలిసే తిందాం."

నక్క ఎంత బతిమాలినా ఎద్దు వినలేదు. పట్టిన పట్టు విడిచే రకం కాదు. తక్కినవాళ్లు చిలగడదుంపలు కొరుకుతూ, జొన్నకంకులు ఒలుచుకుంటూ ఎండలో దొర్లారు. వాసనకు నక్క పేగులు అరిచాయి. పొద్దు వాలేసరికి ఇక ఓర్చుకోలేకపోయింది.

"ఏట్లో మునిగొస్తాను," అని చెప్పి తిన్నగా బొరియకు పోయింది. కడుపు పగిలేట్టు కాయలు తిని, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంది.

"మునిగొచ్చావా? ఒంటిమీద తడేదీ? మీసానికి ఆ ఎర్రటిదేమిటి?" అని పుంజు మెడ చాచింది.

వేరుశనగపప్పు పొట్టు! నక్క గబుక్కున మూతి పక్కకు తిప్పుకుంది.

"కుంకుమరా," అంది ఎద్దు. "భక్తితో పెట్టుకున్నాడు, అంటుకుంది. నీ కళ్లకు అన్నీ తప్పులే!"

పుంజు చాచిన మెడ వెనక్కి లాక్కుంది. నక్కకు హాయిగా ఊపిరాడాలి. ఆడలేదు. డొక్కలు లోపలికి పోయిన ఎద్దును చూడబోతే చూపు నేలకు దిగిపోయింది.

చుక్క పొడిచేసరికి తక్కినవాళ్లు ఇళ్లకు పోయారు. వాళ్లిద్దరి కోసం కుందేలు దాచి ఉంచిన దుంపలన్నీ ఎద్దు నక్క ముందుకు నెట్టింది.

"ముందు నువ్వు తిను అల్లుడూ. పొద్దుటినుంచీ పస్తున్నావు."

దుంప నక్క గొంతులో అడ్డం పడింది. కక్కలేదు, మింగలేదు. ఎలాగో దించుకుని, "మామా, అది కుంకుమ కాదు," అంది.

"తెలుసు. నా కళ్లు ముసలివి గానీ ముక్కు కాదు."

"మరి పుంజుతో అలా ఎందుకన్నావు?"

"నలుగురిలో నీ తల వంచడం నాకిష్టం లేదు. నీ అంతట నువ్వే చెబుతావేమోనని చూశాను. ఇకనైనా చెరకు తిననిస్తావా? ఆకలి దంచేస్తోంది."

ఎద్దు చెరకు నములుతుంటే నక్క ఇంకో దుంప ముట్టలేదు.

తప్పు పట్టుకున్నవాడి ముందు బొంకి నిలవొచ్చు, కడుపులో పెట్టుకున్నవాడి ముందు తలెత్తలేం.