నీ వెనకాల పైడమ్మ ఉంది

ఎప్పటి మాటో ఇది. ఏనుగులు కొండ దిగి ఏట్లో నీళ్లు తాగే కాలం నాటిది. కొండవార ఒక పూరిగుడిసె. అందులో పైడమ్మ అనే ముసలావిడ అడ్డాకులతో విస్తళ్లు కుట్టుకుంటూ బతికేది. ఆవిడకి ఒక్కడే మనవడు. పేరు సింహాద్రి.

వాడికి అన్నీ వింతే. చీమల బారు కనిపిస్తే కూర్చునేవాడు. సాలెగూడు కనిపిస్తే నిలబడేవాడు. రోకలిబండ పురుగు కనిపిస్తే "మామ్మా, దీనికెన్ని కాళ్లే?" అని దాని వెనకే పాకేవాడు. బడిలో వేసిన కొత్తలో వాడి వేలు ఆగేది కాదు. బూడిదలో అ, పిండిలో అ, ఒలికిన అంబలిలో కూడా అ.

ఆ కాలపు బడిలో ఒక కట్టుబాటు ఉండేది. అందరికన్నా ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో పంతులు శ్రీ రాసేవాడు. రెండోవాడికి చుక్క పెట్టేవాడు. ఆఖరున వచ్చినవాడికి బెత్తం. పంతులు చెడ్డవాడు కాడు. ఆయనకి చదువు చెప్పిన పంతులూ అలాగే చేసేవాడు.

దారి పొడవునా వింతలు చూసేవాడు ఆఖరు కాక ఏమవుతాడు? ఒక సాయంత్రం సింహాద్రి చెయ్యి వెనక్కి దాచుకుని వచ్చాడు. పైడమ్మ లాగి చూసింది. అరచెయ్యి కందిపోయి ఉంది. పైడమ్మ గుండెల్లో రాయి పడింది.

మర్నాడు కోడి కుయ్యకముందే లేపి పంపింది. పెందరాళే బయల్దేరితే మాత్రం ఏం? దారిలో తెల్లారి, సాలెగూటి మీద మంచు మెరుస్తోంది. వాడు నిలబడిపోయాడు. మళ్లీ ఆఖరు. మళ్లీ బెత్తం. "నత్తొచ్చిందిరోయ్!" అని పిల్లల కేకలు. పైడమ్మ గుండెల్లో ఇంకో రాయి పడింది.

ఆ పైనాడు వాడి రెక్క పట్టుకుంది. "అటూ ఇటూ చూశావంటే ఊరుకోను. తలొంచుకుని నడు," అని లాక్కుపోయింది. ఆ రోజు దెబ్బ వేరే పిల్లాడికి పడింది. అమ్మయ్య అనుకుంది పైడమ్మ. కానీ సాయంత్రం సింహాద్రి ఏమీ అడగలేదు. ఎదురుగా అంబలి ఒలికింది. వేలు కదల్లేదు. వాకిట్లో రోకలిబండ పురుగు పోతోంది. తలెత్తలేదు.

"దానికెన్ని కాళ్లురా నాయనా?" అని తనే అడిగింది.

"నాకెందుకు?" అన్నాడు.

పైడమ్మ గుండెల్లో మూడో రాయి పడింది. అది అన్నిటికన్నా బరువు. ఈ వేలు ఇంక కదలదా? ఈ నోరు ఇంక అడగదా? వీడిలో వెలిగే దీపం నేనే ఆర్పేశానా? విస్తరి కుట్టబోతే పుల్ల వేలికి గుచ్చుకుంది.

తెల్లారింది. "నువ్వు చూసుకుంటూ నడవరా. నీ వెనకాల నేనున్నాను," అంది. వాడు చూసుకుంటూ నడిచాడు. ఆవిడ వెనకాలే నడిచింది. అందరూ లోపలికి వెళ్లాక, ఆఖరున గడప దాటి చెయ్యి చాపింది.

"ఏమిటే ముసలమ్మా ఇది?" అన్నాడు పంతులు.

"చదువుకొచ్చాను బాబూ. ఆఖరున వచ్చింది నేనే కదా?"

పిల్లలు గొల్లుమన్నారు. పంతులూ నవ్వాడు. "చాల్లే, వెళ్లు."

"నన్నొదిలేస్తే రేపు ఆ బెత్తం మళ్లీ చిన్న చేతుల్నే వెతుక్కుంటాది బాబూ. కొట్టండి."

అక్షరం రాని ముసలిదానికి ఆ మాట ఎవరు నేర్పారో మరి! చాపిన చెయ్యి తియ్యలేదు. పంతులు కొట్టాడు. నవ్వులు ఆగిపోయాయి.

కూర్చోబెట్టి ఇసుకలో అ రాయమంటే ఆవిడకి రాలేదు. ఎటు తిప్పినా వంకరే. అప్పుడు పక్కన ఒక చిన్న వేలు కదిలింది. "అలా కాదే మామ్మా, ఇలా," అంటూ సింహాద్రి ఆవిడ వేలు పట్టుకుని దిద్దించాడు.

అది మొదలు రోజూ ఆవిడే ఆఖరు, దెబ్బా ఆవిడకే. గుండెల్లో రాళ్లు మాత్రం కరగలేదు. నేను లేని నాడు వీడి వెనకాల ఎవరుంటారు? దగ్గుతూ నడిచేది, జ్వరంతో నడిచేది. ఒక వానాకాలం ఆ దగ్గుతోనే పోయింది.

దినాలయ్యాక సింహాద్రి బడికొచ్చాడు. అందరికన్నా ఆఖరున. పంతులు బెత్తం తీశాడు. వాడు చెయ్యి దాచుకోలేదు.

"నేను ఆఖరు కాదు పంతులుగారూ. మా మామ్మ నా వెనకాల వస్తోంది."

అందరూ గుమ్మం వైపు చూశారు. ఎవరూ లేరు. అయినా చాలాసేపు చూశారు. పంతులు బెత్తం కింద పెట్టి, ఆ చిన్న అరచేతిలో శ్రీ రాశాడు.

ఆ కొండవార ఊళ్లలో ఇప్పటికీ ఆఖరున వచ్చిన పిల్లల చేతిలోనే శ్రీ రాస్తారట. బడికి ఆలస్యమై ఏడుస్తూ పరిగెత్తే పిల్ల కనబడితే, దారినపోయేవాళ్లు ఆపి చెబుతారట: "పరుగెందుకే తల్లీ? చూసుకుంటూ వెళ్లు. నీ వెనకాల పైడమ్మ ఉంది."